పసిబిడ్డ గదిలో హ్యుమిడిఫయర్: గాలికి పట్టింది టీ గ్లాసుడు, మేం పోసింది రెండున్నర లీటర్లు

కార్తీక మాసం. మూడు రోజులుగా ముసురు విడవలేదు. మా చెల్లెలు పురిటికొచ్చి, పాప పుట్టి పదహారో రోజు. తెల్లవారి ఆ గదిలోకి పోతే బీరువా అద్దం మీద తెల్లటి పొర కనిపించింది. వేలితో గీస్తే గీత పడింది. కిటికీ పక్కన పెట్టిన నల్ల ఫోను విభూతి పూసినట్టుంది. "రాత్రే కదమ్మా తడిగుడ్డతో తుడిచినాను, మళ్లీ ముగ్గుపిండి ఎవరు చల్లినారు ఈ గదిలో?" అని అమ్మ గట్టిగానే అడిగింది.

ఎవరూ చల్లలేదు. రాత్రంతా మంచం పక్కన బుస్సుమంటూ పొగ వదిలిన హ్యుమిడిఫయర్ పని అది. గాలికి తేమ కలిపే యంత్రం. చికాగోలో ఉండే మా పిన్ని కూతురు ఫోనులో పాప గురక విని, "అక్కా, ముక్కు బిగుసుకుందేమో, ఇక్కడ హ్యుమిడిఫయర్ లేకుండా పసిబిడ్డ గది ఉండదు, మీరూ పెట్టండి" అని ప్రేమగా చెప్పింది. ఆన్‌లైన్‌లో తెప్పించాం. కుళాయి నీళ్లు నింపి పెట్టాం. నాలుగో రోజుకు అద్దం మీద పొడి, బీరువా వెనక గోడకు మక్కిన వాసన. పాప గురక మాత్రం అట్లనే ఉంది.

ఆ పొడి ఏమిటో తెలుసుకోవాలని మొదలుపెట్టి, చాలా దూరం పోయాను. తిరుపతి, చిత్తూరు వైపు పసిబిడ్డలున్న ఇళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

చికాగో గాలి వేరు, మన గాలి వేరు

గాలిలో తేమ శాతం అంటే, ఆ వేడిమి దగ్గర గాలి పట్టుకోగలిగినంత నీటిలో ఇప్పుడు ఎంత భాగం ఉందీ అని. కిటుకంతా "ఆ వేడిమి దగ్గర" అన్న మాటలోనే ఉంది. చల్లటి గాలి కొద్ది నీటినే పట్టుకుంటుంది, వేడి గాలి చాలా పట్టుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఐదు గ్రాముల లోపు నీటి ఆవిరినే మోయగలదు. 26 డిగ్రీల దగ్గర 24 గ్రాములకు పైనే మోస్తుంది.

ఇప్పుడు చికాగో చలికాలం సంగతి చూద్దాం. బయట సున్నా డిగ్రీలు, తేమ 80 శాతం. వినడానికి తడి గాలే. కానీ అందులో ఉన్న నీరు దాదాపు నాలుగు గ్రాములు. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి హీటరుతో 21 డిగ్రీలకు వేడి చేస్తే, అదే నాలుగు గ్రాములు ఇప్పుడు 20 శాతం దరిదాపులకు పడిపోతాయి. పెదవులు పగులుతాయి, ముక్కులో చీమిడి ఎండి గట్టి పెచ్చులు కడుతుంది. అక్కడ హ్యుమిడిఫయర్ అవసరమే. మా చెల్లెలి వరసయ్యే ఆ అమ్మాయి చెప్పింది తప్పు కాదు. తన ఊరికి అది సరైన మాట.

మన దగ్గర హీటర్లు లేవు. పైగా తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంటే మనకు చలికాలం మొదలయ్యేదే తడితో. ఆ ముసురులో పురిటి గది ఎట్లా ఉంటుందో ఒకసారి కళ్లముందు పెట్టుకోండి: కిటికీలు మూసి ఉంటాయి, బాలింతకు చలిగాలి తగలకూడదని. దండేల మీద పాప గుడ్డలు, బయట ఆరవు గనక, గదిలోనే ఫ్యాను కింద వేలాడుతుంటాయి. ఆ గుడ్డలు ఆరడమంటే వాటిలోని నీళ్లు గాలిలోకి చేరడమే. మేం హ్యుమిడిఫయర్ కొనకముందే ఆ గదిలో ఇరవై హ్యుమిడిఫయర్లు దండెం మీద ఉన్నాయన్నమాట.

గాలిలో తేమ శాతం చూపే హైగ్రోమీటర్ అనే చిన్న పరికరం, గడియారమంత ఉంటుంది, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మేం అది తెచ్చి యంత్రం ఆపేసి చూస్తే 75 చూపించింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఇదే నాకు కళ్లు తెరిపించింది. మా గది పది అడుగులు బై పది అడుగులు, ఎత్తూ పదే. అంటే 28 ఘనపు మీటర్ల గాలి. 26 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం మోయగలిగిన నీరు 700 గ్రాముల లోపే. అందులో 75 శాతం అప్పటికే నిండిపోయింది. మిగిలిన చోటు 170 గ్రాములు, అంటే ఒక టీ గ్లాసుడు. మేం రాత్రికి రెండున్నర లీటర్లు పోశాం. కొంత తలుపు సందుల్లోంచి బయటికి పోయి ఉంటుంది. మిగతాది ఎక్కడికి పోతుంది? బీరువా వెనక చల్లటి గోడకు, దిండ్లకు, దూది పరుపుకు. 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే గోడకు బూజు పట్టడం మొదలవుతుంది. పరుపుల్లో కంటికి కనపడని దుమ్ము పురుగులు సగం తేమ దాటితేనే హాయిగా పెరుగుతాయి. రెండూ పిల్లల ఊపిరికి పడనివే.

ఇళ్లలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండటం మంచిదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెప్తుంది, 60 మించనివ్వొద్దంటుంది. మనకు వానాకాలంలో బయటే 80, 90 ఉంటుంది గనక 50కి దించాలని తంటాలు పడక్కర్లేదు. పిల్లలు అందులోనే పుట్టి పెరుగుతున్నారు. దానికి మనం ఇంకొంచెం కలపకుండా ఉంటే చాలు.

హైగ్రోమీటర్ చవకది గదా, నమ్మొచ్చా అంటే, ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, జావలా కాకుండా ముద్దగా అయ్యేంత నీళ్లు చిలకరించి, మూతనూ హైగ్రోమీటర్‌నూ కలిపి గాలి దూరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉప్పు ముద్ద ఉన్న మూసిన డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీది 70 చూపిస్తే ఐదు తక్కువ చెప్తోందని గుర్తుపెట్టుకుంటే సరి.

మరి ఎండాకాలం, ఏసీ?

ఎండాకాలంలో మన గాలి ఎండిపోయినట్టు అనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 25 శాతం. కానీ ఆ వేడిలో 25 శాతమంటేనే ఘనపు మీటరుకు పదమూడు గ్రాముల దాకా నీరు. చికాగో గాలికి మూడింతలు. ఆ గాలిని ఏసీ 26 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ శాతం దానంతట అదే సగం దాటుతుంది. ఆ తర్వాత ఏసీ చల్లటి తీగల మీద కొంత ఆవిరిని నీళ్లుగా మార్చి పైపులోంచి బయటికి పంపుతుంది. అందుకే ఏసీ గది మామూలుగా 45, 50 దగ్గర ఉంటుంది. "ఏసీ గాలి తేమనంతా లాగేస్తుంది" అన్న మాటలో సగమే నిజం.

ఆ మిగతా సగం ఎప్పుడు నిజమవుతుందంటే, 20, 22 పెట్టి తెల్లవార్లూ నడిపినప్పుడు. అప్పుడు తేమ 40 కిందికి పోవచ్చు. దానికి మందు హ్యుమిడిఫయర్ కాదు, రిమోట్. 26కి పెంచి, గాలి నేరుగా పాప మీద పడకుండా తిప్పితే అంకె దానంతట అదే పైకొస్తుంది. ఏసీ, హ్యుమిడిఫయర్ రెండూ కలిపి నడిపితే ఇది పోసిన నీళ్లను అది బయటికి తోడుతుంది. కరెంటు బిల్లు రెండు వైపులా.

ఎయిర్ కూలర్ ఉన్న ఇల్లయితే ఇంకో సంగతి. కూలర్ అంటే పెద్ద హ్యుమిడిఫయరే. తడి గడ్డి గుండా గాలి తోసి నీటిని ఆవిరి చేస్తుంది. కూలర్ నడిచే గదిలో వేరే హ్యుమిడిఫయర్‌కు పనే లేదు. ఆ తొట్టిలో వారాల తరబడి నిలిచిన నీళ్లు మాత్రం చూసుకోవాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అట్లాంటి నీళ్లలోనే.

ఆ తెల్ల పొడి

మనకు ఎక్కువగా అమ్ముతున్నవి అల్ట్రాసోనిక్ యంత్రాలు. చవక, చప్పుడుండదు, చల్లటి పొగ వస్తుంది. లోపల ఒక చిన్న బిళ్ల సెకనుకు పదిహేడు లక్షల సార్లు వణుకుతుంది. ఆ వణుకుకు నీళ్లు ఆవిరి కావు, చితికి సన్నటి తుంపర అవుతాయి. కొన్ని మైక్రాన్ల తుంపర, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆవిరికీ తుంపరకూ తేడా ఇక్కడే ఉంది. గిన్నెలో నీళ్లు మరిగి ఆవిరైతే ఉప్పూ సున్నమూ గిన్నెలోనే మిగిలిపోతాయి. తుంపర మాత్రం నీటిలో ఏముంటే దాన్నంతా మోసుకుని గాలిలోకి లేస్తుంది. చుక్కలోని నీరు ఆరిపోయాక మిగిలిన లవణం దుమ్మై అద్దం మీద వాలుతుంది. అద్దం మీద వాలకముందు గదిలో ఉన్నవాళ్లు దాన్ని పీలుస్తారు. పసిబిడ్డ నిమిషానికి నలభై సార్లకు పైగా ఊపిరి తీసుకుంటుంది, రోజులో ఎక్కువ భాగం ఆ గదిలోనే ఉంటుంది.

తిరుపతికి తెలుగుగంగ నీళ్లు, కల్యాణి డ్యామ్ నీళ్లు వస్తాయి. కానీ చాలా అపార్టుమెంట్లలో కుళాయి తిప్పితే వచ్చేది బోరు నీళ్లో, రెండూ కలిసినవో. బకెట్ అంచున తెల్లగా పేరుకునేది, షవరు రంధ్రాలు మూసుకుపోయేది ఈ నీళ్ల వల్లనే. ఆర్‌ఓ సర్వీసుకు వచ్చిన అబ్బాయి పెన్నులాంటి మీటరు ముంచితే మా కుళాయి నీళ్లు 740 టీడీఎస్ చూపించాయి. అంటే లీటరులో 740 మిల్లీగ్రాముల లవణాలు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 500 దాకా మేలంటుంది, వేరే నీళ్లు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. అది కడుపులోకి పోయే నీటికి పెట్టిన లెక్క. ఊపిరితిత్తులకు పెట్టింది కాదు. రెండున్నర లీటర్లు, 740 చొప్పున, రాత్రికి దాదాపు 1.85 గ్రాములు. మూడు రాత్రులకు ఒక టీ చెంచాడు ఉప్పంత పొడి. ఒక చెంచా ఉప్పు తెచ్చి పాప ఉయ్యాల చుట్టూ గాలిలో చల్లమంటే మా అమ్మ నన్ను ఇంట్లోంచి తరిమేది.

"నీళ్లు కాచి చల్లార్చి పోస్తే?" అని చెల్లెలు అడిగింది. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. కాస్తే క్రిములు చస్తాయి. సున్నం కొంత అడుగున పేరుతుంది. మిగతా లవణాలు మాత్రం అట్లనే ఉంటాయి. నీళ్లు కొంత ఆవిరైపోతాయి గనక ఇంకొంచెం చిక్కబడతాయి కూడా.

ఇంకో ఆలోచన మా మరిదిది. ఏసీ పైపులోంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అని. పుట్టుక వరకు అది నిజమే, గాలిలోని ఆవిరి చల్లబడి అయిన నీరు గనక అందులో లవణాలుండవు. కానీ అది దుమ్ము పట్టిన తీగల మీద, పాకుడు పట్టిన పైపులో పారి వస్తుంది. అందులో ఏ క్రిములున్నాయో చెప్పలేం. ఆ నీళ్లు బిడ్డ గదిలోకి వద్దు. బ్యాటరీలకు పోసే క్యాన్ నీళ్ల విషయంలోనూ నాకు ధైర్యం చాలలేదు. అవి బ్యాటరీ కోసం తయారైనవి, ఊపిరి కోసం కాదు.

సీలు వేసిన డిస్టిల్డ్ వాటర్ దొరికితే అదే మేలు. లేదంటే ఇంటి ఆర్‌ఓ నీళ్లు, టీడీఎస్ యాభై లోపు చూపించేవి, దానికి దగ్గర. దుమ్ము పూర్తిగా పోదుగానీ పదిహేనో వంతుకు తగ్గుతుంది. ఆర్‌ఓ పక్క పైపులోంచి బయటికి పోయే వేస్టు నీళ్లు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. లవణాలన్నీ అందులోకే చేరతాయి.

దూది లేదా కాగితపు ఫిల్టరు తడిపి ఫ్యానుతో ఆరబెట్టే రకం కూడా ఉంది. దానిలో లవణం ఫిల్టరుకే అంటుకుంటుంది, గాలిలోకి రాదు. దాని ఫిల్టరు మార్చుతుండాలి. నీళ్లు మరిగించి వేడి ఆవిరి వదిలే రకంలో పొడీ రాదు, క్రిములూ చస్తాయి. కానీ పిల్లలున్న ఇంట్లో అది కాలిన గాయాలకు దారి. తీగ లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చల్లటి పొగ రకమే వాడమంటుంది.

ట్యాంకులో ఇంకేం పోస్తున్నాం

ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం కోపం కూడా వస్తుంది, ఎందుకంటే దీనికి పసిబిడ్డలే బలయ్యారు.

దక్షిణ కొరియాలో చలికాలం పొడిగా ఉంటుంది, ఇంటింటా హ్యుమిడిఫయర్ ఉంటుంది. ట్యాంకు పాకుడు పట్టకుండా నీళ్లలో కలిపే క్రిమినాశక ద్రవం అక్కడ 1994 నుంచి దుకాణాల్లో అమ్మారు. 2011లో సియోల్‌లో గర్భిణులు, బాలింతలు కారణం తెలియని ఊపిరితిత్తుల జబ్బుతో వరసగా ఆస్పత్రికి వచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే పిల్లల్లోనూ అట్లాంటి జబ్బు డాక్టర్ల కంటపడుతోంది. వెతికితే దాదాపు అన్ని ఇళ్లలోనూ ఆ ద్రవమే. చర్మానికి తగిలితే పెద్దగా హాని చేయని రసాయనం, తుంపరతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయి వాటిని గట్టిపడేలా చేసింది. ప్రభుత్వం గుర్తించిన బాధితులే 5,000 మందికి పైగా, చనిపోయినవాళ్లు వేయి మందికి పైగా. బిడ్డ మేలు కోరి తల్లులు తమ చేత్తోనే రోజూ కలిపి పోశారు దాన్ని.

ఏమీ కలపకుండా వట్టి కుళాయి నీళ్లు పోసినా ప్రమాదం ఉంటుందని సైప్రస్‌లో తెలిసింది. 2008 డిసెంబరులో అక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రి శిశువుల గదిలో హ్యుమిడిఫయర్ నీళ్లలో లెజియోనెల్లా అనే క్రిమి పెరిగి, అప్పుడే పుట్టిన బిడ్డలకు న్యుమోనియా వచ్చింది. ముగ్గురు పోయారు.

అందుకే ట్యాంకులో డెటాల్ చుక్క గానీ, ఫినాయిల్ గానీ, అత్తరు గానీ, యూకలిప్టస్ నూనె గానీ, కర్పూరం గానీ, జలుబు బామ్ గానీ వేయొద్దు. కర్పూరం, మెంథాల్ రెండేళ్లలోపు పిల్లలకు పనికిరావు. కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు, మెంథాల్ ఘాటుకు పసివాళ్ల గొంతు పట్టేసినట్టయి ఊపిరి ఆడకపోవచ్చు. మా అవ్వ తరం నుంచి స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేయడం అలవాటు. ఆ వాసనంటే నాకూ ఇష్టమే. కానీ ముక్కు బిగుసుకున్న బిడ్డకు పొగ పొగే. పాప తల ఆరబెట్టడానికి మెత్తటి తువాలు చాలని అవ్వకు నెమ్మదిగా చెప్పి ఒప్పించాం.

ట్యాంకు శుభ్రం చేయడం పెద్ద పని కాదు, రోజూ చేయాలన్నదే కష్టం. మేం ఐదో రోజు అడుగున వేలు పెట్టి చూస్తే జారుడుగా, కాస్త గులాబీ రంగులో పొర అంటింది. అది క్రిముల పాకుడు. పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోయాలి, పైన ఇంకొన్ని కలిపి నింపకూడదు. గుడ్డతో తుడిచి బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. మూడు రోజులకొకసారి తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లు గానీ, నిమ్మఉప్పు కలిపిన నీళ్లు గానీ పోసి అరగంట ఉంచి, బిళ్ల మీది సున్నం మెత్తటి బ్రష్షుతో తీసి, వాసన పోయేదాకా రెండు మూడుసార్లు కడగాలి. వెనిగర్ లోపల ఉండగా యంత్రం వేయకూడదు. వారం రోజులు వాడకపోతే లోపల చుక్క నీరు కూడా ఉండకూడదు.

పెట్టే చోటు ఉయ్యాలకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. పొగ బిడ్డ వైపో గోడ వైపో కాకుండా గది మధ్యకు తిప్పాలి. దోమతెర తడిసిందంటే మరీ దగ్గరగా ఉందని అర్థం. చీర ఉయ్యాల ఊగి తగిలే చోటా, పాకే పిల్లలకు వైరు అందే చోటా వద్దు.

అసలు ముక్కు సంగతి

ఇన్ని చేసి, పాప గురకకు కారణం ఏమిటో పిల్లల డాక్టరమ్మ ఒక్క నిమిషంలో చెప్పింది. మొదటి నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, ఆ దారి చాలా సన్నం, కాస్త చీమిడి ఉన్నా గురగుర వినిపిస్తుంది. పాలు బాగా తాగుతూ, నిద్రపోతూ, జ్వరం లేకుండా ఉంటే భయపడక్కర్లేదంది. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేయమంది. మందుల షాపులో చిన్న సీసా. రెండు రోజుల్లో తేడా కనిపించింది. జలుబుకు తేమ గాలి కొంత హాయినివ్వచ్చుగానీ జబ్బును తగ్గించదు. క్రూప్ అనే బొంగురు దగ్గులో కూడా తేమ గాలి పెట్టి చూసిన పరిశోధనల్లో చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు.

హ్యుమిడిఫయర్ వైపు చూస్తూ కూర్చోకూడని గుర్తులు కొన్నున్నాయి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి ఒక నిమిషం పూర్తిగా ఊపిరులు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆ అంకెను చేరినా, దాటినా అది వేగం. డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలం తిరగడం, రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారనిద్దామని ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

ఆ కార్తీకంలో మేం యంత్రాన్ని కడిగి ఆరబెట్టి అట్టపెట్టెలో పెట్టేశాం. గుడ్డలు ఆరేసే దండెం హాల్లోకి మార్చాం, మధ్యాహ్నం గంటసేపు కిటికీ తీశాం. గోడ వాసన వారంలో తగ్గింది.

చెల్లెలి అత్తగారిల్లు మదనపల్లె. ఐదో నెలలో, మార్చిలో పాపను అక్కడికి తీసుకుపోయింది. అది ఎత్తు మీదున్న ఊరు, వేసవి ముందు రోజుల్లో గాలి తిరుపతి కన్నా చల్లగానే ఉంటుంది, కానీ పొడి. పోయిన వారానికి ఫోను చేసింది. "అక్కా, మధ్యాహ్నం తేమ 28 చూపిస్తా ఉంది. పాప బుగ్గలు గరుగ్గా ఉండాయి. ముక్కులో పెచ్చులు కడతా ఉండాయి." ముందు తడి తువాలు ఆరేసి చూడమన్నాను. పిండి ఆరేసిన పెద్ద తువాలు ఇక్కడ మా వంటింటి కాటా మీద తూచి చూశాను, ఆరాక 260 గ్రాములు తగ్గింది, చిన్న గదికి అది తక్కువేం కాదు. సాయంత్రానికి మళ్లీ ఫోను. "36 దాకా వచ్చిందక్కా, అంతే. పెట్టెలోది తీసేదా?"

"తియ్యి. ఏ నీళ్లు పోస్తావు?"

"ఆర్‌ఓవి. మీటరుతో చూసినా, టీడీఎస్ 32."

గంటన్నరకు 46 రాగానే ఆపేసి, మిగిలిన నీళ్లు తులసికోటలో పోసి, ట్యాంకు డాబా మీద బోర్లించానని మెసేజ్ పెట్టింది.